ఎల్‌బీ స్టేడియం పిచ్‌ని కాపాడండి, మంత్రిగారూ

తెలంగాణ రాష్ట్ర క్రీడల శాఖ మంత్రిగారికి, నమస్కారం.

సూటిగా విషయానికి వస్తాను. హైదరాబాద్ నడిబొడ్డున, బషీర్‌బాగ్‌లో ఉన్న లాల్ బహదూర్ స్టేడియం మీ శాఖ చేతుల్లో ఉంది. అది క్రికెట్ సంఘానిది కాదు, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థది, అంటే మన అందరిదీ. ప్రమాణ స్వీకారం చేయాలన్నా, ఉద్యోగ నియామక పత్రాలు పంచాలన్నా, ప్రభుత్వం తరఫున పెద్ద విందు ఇవ్వాలన్నా ఇలాంటి సందర్భాల్లో ఆ గ్రౌండ్ పేరు రాకుండా ఉండదు. ఎందుకో నాకూ తెలుసు. అసెంబ్లీ పక్కనే ఉంది, వేలమంది పడతారు, బందోబస్తు సులువు. కానీ ఆ గ్రౌండ్ మధ్యలో ఒక పిచ్ ఉంది, దాని మీద ఏమేం జరిగాయో తెలిసినవాడు ఎవడూ అక్కడ గుంజ పాతనివ్వడు. ఆ సంగతులు మీకు చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గోల్కొండ కథ మీకు తెలిసిందే. 1687లో ఔరంగజేబు కోటను నెలల తరబడి ముట్టడించినప్పుడు మొఘల్ సైన్యం గుడారాలు వేసుకున్న చోటు ఇదేనని చెబుతారు. కోట పడిపోయాక ఫతే మైదాన్ అన్న పేరు పడింది. నిజాంల కాలంలో పోలో ఆడారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఊళ్లో పాతవాళ్లకి మాత్రం ఇప్పటికీ ఫతే మైదానే.

క్రికెట్‌కి వస్తే, ఇక్కడ మొదటి టెస్ట్ మ్యాచ్ 1955 నవంబర్‌లో జరిగింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడలేదు, హైదరాబాద్ ఇంకా విడి రాష్ట్రమే. న్యూజిలాండ్ జట్టు భారత్‌లో ఆడిన మొట్టమొదటి టెస్ట్ కూడా అదే. మన కెప్టెన్ ఎవరనుకున్నారు? గులాం అహ్మద్, పక్కా హైదరాబాదీ, ఆఫ్ స్పిన్నర్. సొంత ఊళ్లో జరుగుతున్న మొట్టమొదటి టెస్టులో దేశానికి కెప్టెన్సీ చేయడం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి. ఆ మ్యాచ్‌లోనే పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు కొట్టాడు. టెస్టుల్లో ఒక భారతీయుడు చేసిన తొలి డబుల్ సెంచరీ అది. సునీల్ గవాస్కర్, సచిన్, సెహ్వాగ్, కోహ్లీ వీళ్లందరి డబుల్ సెంచరీలూ ఆ తర్వాత వచ్చినవే. ఆ వరుస మొదలైంది మన బషీర్‌బాగ్‌లో. అదే మ్యాచ్‌లో సుభాష్ గుప్తే ఒకే ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీశాడు, కృపాల్ సింగ్ తన మొదటి టెస్టులోనే సెంచరీ చేశాడు. అవతల బెర్ట్ సట్‌క్లిఫ్ 137తో నాటౌట్‌గా నిలబడి మ్యాచ్‌ని డ్రా చేసుకుపోయాడు.

పిచ్‌ని ఎందుకు కాపాడుకోవాలో తెలియాలంటే రెండో టెస్ట్ గురించి వినాలి. 1969 అక్టోబర్, మళ్లీ న్యూజిలాండే. వాన, మధ్యలో విశ్రాంతి రోజు, ఈ గందరగోళంలో పిచ్ మీద గడ్డి కోయించడం అంపైర్లు మర్చిపోయారు. తర్వాత కోయిద్దామంటే ప్రత్యర్థి కెప్టెన్ గ్రాహమ్ డౌలింగ్ నిబంధన ఒప్పుకోదని అడ్డుపడ్డాడు, అతని వాదన న్యాయమే. ఫలితం ఏమైంది? పటౌడీ కెప్టెన్‌గా ఉన్న భారత జట్టు 89 పరుగులకే ఆలౌట్. అది కూడా చివరి వికెట్‌కి వెంకటరాఘవన్, బేడీ కాసేపు నిలబడబట్టి. మధ్యలో ప్రేక్షకుల గొడవ, పోలీసుల జోక్యం. రెండో ఇన్నింగ్స్‌లో 268 చేయాల్సిన మనవాళ్లు 76కి 7 వికెట్లు పోగొట్టుకున్నాక వాన వచ్చి కాపాడింది. వాన ఆగాక గ్రౌండ్ ఆరబెట్టే పని నత్తనడక నడుస్తుంటే డౌలింగ్ తానే దిగి నీళ్లు తుడవడంలో చెయ్యి వేశాడు. ఆ టెస్ట్ డ్రా అయింది గానీ మనం గర్వంగా చెప్పుకునే డ్రా కాదు. ఒక్కసారి గడ్డి కోయకపోతే, ఒక్కరోజు నీళ్లు బయటికి తోడకపోతే ఆట ఎలా తిరగబడుతుందో ఈ గ్రౌండే చూపించింది. అలాంటి చోట మనం ఇప్పుడు స్టేజీలు కడుతున్నాం.

మూడో టెస్ట్ 1988 డిసెంబర్‌లో, అదీ న్యూజిలాండ్‌తోనే. ఈ గ్రౌండ్‌లో జరిగిన మూడు టెస్టులూ ఒకే దేశంతో కావడం ఒక వింత. ఈసారి మనం 10 వికెట్లతో గెలిచాం, సిరీస్ కూడా 2-1తో మనదైంది. అజారుద్దీన్, అర్షద్ అయూబ్ ఇద్దరూ ఇంటి ముందు ఆడినట్టే ఆడారు. ఇక ఇక్కడ టెస్ట్ జరగలేదు. హైదరాబాద్‌కి మళ్లీ టెస్ట్ రావడానికి 22 ఏళ్లు పట్టింది, 2010లో ఉప్పల్‌లో. 1996లో టెస్టులు ఆడటం మొదలుపెట్టిన లక్ష్మణ్, సొంత ఊళ్లో టెస్ట్ ఆడటానికి 14 ఏళ్లు ఎదురుచూశాడు. ఆడింది కూడా ఆ ఒక్కటే.

వన్డేల సంగతి చెప్పకపోతే మా నాన్న నన్ను క్షమించడు. 1983 జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఈ స్టేడియంలోనే, అది అందరికీ గుర్తుంది. అదే ఏడాది సెప్టెంబర్ 10న, కపిల్ సేన ప్రపంచ కప్ గెలిచి వచ్చాక సొంతగడ్డ మీద ఆడిన మొదటి వన్డే కూడా ఇక్కడే జరిగింది, పాకిస్తాన్ మీద, మనమే గెలిచాం. అది ఎంతమందికి గుర్తుంది? 1987 మార్చి 20న మళ్లీ పాకిస్తాన్. మనం 212, వాళ్లు 212. చివరి బంతికి అబ్దుల్ ఖాదిర్ రనౌట్. మనవి 6 వికెట్లు పోయాయి, వాళ్లవి 7 పోయాయి కాబట్టి అప్పటి నిబంధన ప్రకారం మనం గెలిచినట్టు. మా నాన్న ఇప్పటికీ ఆ రనౌట్ గురించి చెప్పేటప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడతాడు.

అదే ఏడాది అక్టోబర్‌లో ప్రపంచ కప్ మ్యాచ్. జింబాబ్వే 243 చేయాలి, 104కే 7 వికెట్లు పోయాయి. జనం లేచి వెళ్లిపోయే వేళకి డేవ్ హౌటన్ 142 పరుగులు కొట్టి న్యూజిలాండ్‌ని వణికించాడు, బుచర్ట్‌తో కలిసి ఎనిమిదో వికెట్‌కి 117 జోడించాడు. మార్టిన్ క్రో పరిగెత్తి పట్టిన క్యాచ్ లేకపోతే గెలిచేసేవాళ్లే. మూడంటే మూడు పరుగుల తేడాతో ఓడిపోయారు. టెస్ట్ హోదా కూడా లేని జట్టు అప్పటికి అది.

ఇంకొకటి. 1998 మే 17న బంగ్లాదేశ్ తన చరిత్రలో మొట్టమొదటి వన్డే విజయం సాధించింది లాల్ బహదూర్ స్టేడియంలో. కెన్యా మీద, మహమ్మద్ రఫీక్ 77 పరుగులతో. ఒక దేశం మొత్తానికి అది పండగ రోజు, ఆ దేశపు క్రికెట్ చరిత్ర ఎవరు రాసినా మన ఊరి పేరు లేకుండా రాయలేరు. మనమేమో ఆ సంగతే మర్చిపోయాం.

1999 నవంబర్ 8 గురించి వేరే చెప్పక్కర్లేదు గానీ చెబుతాను. సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, ఇద్దరూ కలిసి 331. వన్డేల్లో ఏ వికెట్‌కైనా అంత భాగస్వామ్యం అంతకుముందు ఎవరూ చేయలేదు. ఆ ప్రపంచ రికార్డు 2015 వరకు నిలబడింది. సచిన్ స్కోరు కూడా 2010లో అతనే 200 కొట్టేదాకా వన్డేల్లో భారతీయుల అత్యధిక స్కోరు. 2003 నవంబర్‌లో చివరి అంతర్జాతీయ మ్యాచ్, సెహ్వాగ్, సచిన్ సెంచరీలు, ద్రావిడ్ 22 బంతుల్లో యాభై. ఎదురుగా ఎవరు? న్యూజిలాండ్. 2005లో ఉప్పల్ స్టేడియం మొదలయ్యాక పెద్ద ఆట అటు వెళ్లిపోయింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, క్రికెట్ సంఘానికి సొంత గ్రౌండ్ ఉండాలి, పార్కింగ్ ఉండాలి, ఎక్కువ సీట్లు ఉండాలి.

ఉప్పల్ వచ్చింది కాబట్టి ఎల్‌బీ ఇక క్రికెట్ గ్రౌండ్ కాదన్నట్టు వ్యవహరించడం మీదే నా అభ్యంతరం. నేను ఏ ఒక్క ప్రభుత్వాన్నీ అనడం లేదు. 1983లో ఎన్టీఆర్, 2004లో వైఎస్, 2023 డిసెంబర్‌లో రేవంత్ రెడ్డి ఇక్కడే ప్రమాణం చేశారు. 2024 అక్టోబర్‌లో పదివేల మందికి పైగా కొత్త టీచర్లకు నియామక పత్రాలు ఇచ్చిందీ ఇక్కడే. అవి మంచి సందర్భాలు, ఆ టీచర్ల కళ్లలో సంతోషం చూసి నేనూ సంతోషపడ్డాను. అయినా సభ వెనక ఏం జరుగుతుందో కూడా చూడాలి కదా.

పిచ్ అంటే మామూలు నేల కాదు. 22 గజాల పొడవునా బంకమట్టి పొరలు పరిచి, తడిపి, ఆరబెట్టి, మళ్లీ తడిపి, రోజుల తరబడి రోలర్ తిప్పితే గానీ అది గట్టిపడదు. ఒక షామియానా గుంజ కోసం అందులో గుంత తీస్తే పైన మట్టి కప్పి రోలర్ తిప్పినంత మాత్రాన అతుక్కోదు, ఆ ముక్క తవ్వి మళ్లీ మొదటి నుంచీ వేయాలి. అవుట్‌ఫీల్డ్ మీదికి స్టేజీ సామాను లారీలు, క్రేన్లు ఎక్కితే నేల అణిగిపోయి వాననీళ్లు లోపలికి ఇంకవు, గడ్డి వేళ్లు ఊపిరాడక చచ్చిపోతాయి. సభ అయ్యాక గడ్డిలో మిగిలిపోయే మేకులు, తీగ ముక్కలు మరో సమస్య. డైవ్ కొట్టే పిల్లాడి మోకాలికి అవే గుచ్చుకుంటాయి. క్రికెట్ ఆడే పిల్లల తల్లిదండ్రులకు ఆ టెన్షన్ ఏమిటో తెలుసు.

కాబట్టి అడుగుతున్నాను. సభలు పూర్తిగా మానేయమని అనను, ఊరి మధ్యలో ఉన్న గ్రౌండ్ ఊరికీ కావాలి. కానీ మధ్యలో ఉన్న పిచ్‌ల చతురస్రం, దాని చుట్టూ కొంత దూరం, ఏ సభకైనా, ఎంత పెద్దవాళ్లు వచ్చినా తాకకూడదని రాతపూర్వకంగా ఒక ఆర్డర్ ఇవ్వండి. స్టేజీ ఎప్పుడూ స్టాండ్ల వైపు, బౌండరీ బయటే ఉండాలి. లారీలు నడిచే దారి ముందే గుర్తు పెట్టాలి. గ్రౌండ్ వాడుకునే శాఖ ఏదైనా సరే, దాన్ని మళ్లీ ఆటకు పనికొచ్చేలా చేయడానికయ్యే ఖర్చు ముందుగానే డిపాజిట్ చేయాలి, మన శాఖే కదా అని వదిలేయకూడదు. గుంజ పాతేముందు గ్రౌండ్స్‌మన్ సంతకం ఉండాలి. వర్షాకాలంలో సభలు అసలే వద్దు.

రెండోది డబ్బు పెద్దగా అక్కర్లేని పని. స్టేడియంలో ఒక గది ఇవ్వండి. 1955 స్కోర్‌కార్డు, ఉమ్రీగర్ ఫొటో, 1987 రనౌట్ వార్త వచ్చిన దినపత్రిక, 331 భాగస్వామ్యం వివరాలు, బంగ్లాదేశ్ తొలి గెలుపు, ఇవన్నీ గోడల మీద పెట్టించండి. జైసింహ గురించి ఒక గోడ మొత్తం ఇవ్వాలి. దేశానికి కెప్టెన్‌గా ఉన్న పటౌడీ హైదరాబాద్ జట్టులో ఆయన కెప్టెన్సీ కింద ఆడాడంటే ఆ మనిషి స్థాయి ఏమిటో ఊహించుకోండి. అబిద్ అలీ, అబ్బాస్ అలీ బేగ్, గోవిందరాజ్, కృష్ణమూర్తి, శివలాల్ యాదవ్, వెంకటపతి రాజు, వీళ్లందరి పేర్లూ ఉండాలి. గులాం అహ్మద్ మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ మన హైదరాబాద్‌కి రంజీ ఆడి, తర్వాత పాకిస్తాన్ వెళ్లి ఆ జట్టుకే కెప్టెన్ అయ్యాడు, ఆ సంగతి కూడా రాయించండి, దాచుకోవాల్సింది ఏమీ లేదు.

ఆలస్యం చేయొద్దని ఎందుకు అంటున్నానంటే, అరవైలు, డెబ్బైలలో ఈ గ్రౌండ్‌లో రోలర్ లాగినవాళ్లు, స్కోరు రాసినవాళ్లు, టికెట్లు చించినవాళ్లు ఇప్పుడు బాగా పెద్దవాళ్లయిపోయారు. వాళ్లలో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, మాట్లాడించి, వీడియో తీయించండి. మీ శాఖలో ఇద్దరు కుర్రాళ్లను పెడితే చాలు, కమిటీలు అక్కర్లేదు.

మూడోది, ఆట. మొయిన్-ఉద్-దౌలా గోల్డ్ కప్ 1930ల నుంచీ ఈ ఊరి పేరుతో ముడిపడిన టోర్నమెంట్, దేశంలో పెద్ద పెద్ద ఆటగాళ్లంతా ఆడి వెళ్లారు. క్రికెట్ సంఘంతో మాట్లాడి దాని ఫైనల్‌ని ఎల్‌బీలో ఆడించండి, టికెట్ లేకుండా జనాన్ని రానివ్వండి. ప్రభుత్వ బడుల పిల్లల టోర్నమెంట్ ఫైనల్ కూడా ఇక్కడే పెట్టండి. ఆ పిల్లలకి బ్యాట్ ఇచ్చేముందు, ఉమ్రీగర్ 223 కొట్టింది ఇక్కడేనని, సచిన్ 186 కొట్టింది ఇక్కడేనని చెప్పండి.

వచ్చే సభకి గ్రౌండ్ కావాలని మీ టేబుల్ మీదికి ఫైలు వచ్చినప్పుడు, సంతకం పెట్టేముందు ఆ ఆర్డర్ సిద్ధంగా ఉందా అని మీ కార్యదర్శిని అడగండి. లేకపోతే ఆ ఫైలు పక్కన పెట్టండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక క్రికెట్ అభిమాని