అర్వైన్ నుంచి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా కులాసా. మా పరిశోధన ఫలిస్తే మీ కరెంటు స్కూటరు బ్యాటరీ ధర తగ్గుతుందా అని మొన్న ఫోనులో అడిగారు. తగ్గదండీ. స్కూటరును నడిపేది లిథియం అయాన్ బ్యాటరీ. మేము చేసేవి గోరంత జాగాలో ఇమిడే సూపర్ కెపాసిటర్లు, అంటే విద్యుత్తును కొద్దిగా నిలవచేసి చప్పున అందించే పరికరాలు; చిన్న చిన్న సెన్సర్లకు కరెంటు అందించడం వరకే వాటి పని.

తయారీ పద్ధతి మాత్రం మీకు నచ్చుతుంది. సిలికాన్ పలక మీద ఎస్‌యూ-8 అనే చిక్కటి రెసిన్ పోసి గిరగిరా తిప్పితే అది పలకంతా సమంగా పరుచుకుంటుంది. దాన్ని కాస్త వేడిచేసి, గీతల నమూనా ఉన్న మాస్కు అనే పలక అడ్డుపెట్టి అతినీలలోహిత కాంతి పడనిస్తే, కాంతి సోకిన చోట గట్టిపడుతుంది, మిగిలినది ద్రావకంలో కడుక్కుపోతుంది. మామూలు దీపాల కాంతికీ రెసిన్ గట్టిపడవచ్చు కనుకే ఈ పని చేసే గదిలో పసుపు దీపాలే ఉంటాయి. చివరికి మిగిలేవి ఎదురెదురుగా చొచ్చుకుని, ఒకదాన్నొకటి తాకకుండా నిలిచే రెండు వరుసల సన్నని గీతలు.

ఆ పలకను నైట్రోజన్ నిండిన కొలిమిలో సుమారు 900 డిగ్రీల దాకా నెమ్మదిగా వేడిచేస్తాం. మన వైపు తుమ్మమొద్దులకు మట్టి కప్పి బొగ్గు కాల్చే సూత్రమే ఇది: గాలి చొరబడితే మిగిలేదేమీ ఉండదు, చొరబడకపోతే రెసిన్ గీతలు అదే ఆకారంలో నల్లగా మెరిసే, విద్యుత్తు ప్రవహించే కార్బన్‌గా మారతాయి. అయితే ఎత్తు బాగా కుంగిపోతుంది; పలకను అంటిపెట్టుకున్న అడుగుభాగం అంతగా ముడుచుకోదు. ఆ తరుగును ముందే లెక్కకట్టి కొలతలు నిర్ణయించడంలోనే నేర్పంతా ఉందని నా అభిప్రాయం. ఈ విద్యను పెంచి పోషించిన వారిలో ఇక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని మార్క్ మాడూ బృందం ముఖ్యమైనది.

ఈ గీతల మధ్య ఎలక్ట్రొలైట్ అనే ద్రవం పోస్తే అందులోని అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, కార్బన్ ఉపరితలం మీద బారులు తీరి విద్యుదావేశాన్ని నిలవచేస్తాయి. రసాయన చర్యతో పెద్దగా పని లేదు కనుక క్షణాల్లో చార్జి అవుతుంది, లక్షసార్లు వాడినా పెద్దగా అరగదు. కానీ బ్యాటరీతో పోలిస్తే నిలవ చాలా తక్కువ. నిమిషంలో చార్జయ్యే బ్యాటరీ వచ్చేసిందని రాసే పత్రికలు ఈ రెండో మాటను ఎందుకో మింగేస్తాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది, అవే గీతలు సెన్సరుగానూ పనిచేయడం. మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనపు అణువు ఒక గీత దగ్గర ఎలక్ట్రాన్లను వదిలి, పక్క గీత దగ్గర తిరిగి పుచ్చుకుని, మళ్ళీ మొదటి దాని దగ్గరికి వస్తుంది. ఒకే అణువు పదేపదే సంకేతం ఇస్తుంది కనుక అతి కొద్ది మోతాదును కూడా పట్టుకోవచ్చు. గీతల మధ్య ఎడం కొద్ది మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటేనే ఇది సాధ్యం.

తమ్ముడికి ఈ పని మీద ఆసక్తి ఉంటే ఇంత దూరం రానక్కరలేదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో ఇలాంటి పనికి కావలసిన క్లీన్ రూమ్, అంటే దుమ్ము చొరబడని గది, ఉంది. ఇతర కళాశాలల విద్యార్థులకూ అక్కడ శిక్షణ ఇస్తారు. వాణ్ణి ముందుగా వాళ్ళకు రాయమనండి.

అమ్మకు నా నమస్కారాలు.

మీ అమ్మాయి