పాస్ ఉన్నా సీటు వేరే కొనాలి

అయ్యా,
యూరైల్ పాస్ కొంటే చాలు, యూరప్ అంతా రైల్లో తిరిగేయొచ్చని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. అది సగమే నిజం. స్నేహితులతో కలిసి బ్యాగు వీపున వేసుకుని తిరిగొచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను. జర్మనీ, ఆస్ట్రియాల్లో చాలా రైళ్లు పాస్‌తోనే ఎక్కేయొచ్చు. ఫ్రాన్స్‌లో టీజీవీ, ఇటలీలో ఫ్రెచ్చారోసా లాంటి హైస్పీడ్ రైళ్లు ఎక్కాలంటే సీటు రిజర్వేషన్‌కు విడిగా డబ్బు కట్టాలి. టీజీవీలో పాస్ వాళ్లకిచ్చే సీట్లే తక్కువ. నలుగురికీ ఒకే బండిలో దొరుకుతాయో లేదోనని మాకు ఒకటే టెన్షన్. మాలో ఒకమ్మాయి రాత్రంతా యాప్ చూస్తూనే కూర్చుంది. పారిస్‌లో ఇంకో తిరకాసు: ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చేవాళ్లు గార్ దు నార్ స్టేషన్‌లో దిగుతారు, దక్షిణాన ఉన్న మార్సే నగరానికి వెళ్లే బండి గార్ ద లియాన్ అనే ఇంకో స్టేషన్‌లో ఎక్కాలి. సికింద్రాబాద్‌లో దిగి నాంపల్లికి పరిగెత్తినట్టే. మధ్యలో మెట్రో టికెట్ కూడా మన జేబులోంచే. ఇవి కూడా వేయండి.

– ఒక పాఠకురాలు, గుంటూరు