మా అమ్మను కాపాడుకున్న మా ఊరికి, కువైట్ నుంచి

పోయిన నెల మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగిన సంగతి సిద్ధవటం చుట్టుపక్కల మనవాళ్ళందరికీ తెలిసిందే. ఇప్పుడు వాకర్ పట్టుకుని వాకిలి దాకా వస్తోంది. సంగటి మెత్తగా కలిపావని బద్వేలు నుంచి వచ్చిన మా అక్కను తిడుతోంది కూడా. అంటే బాగున్నట్టే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పినా తనివి తీరక ఇక్కడ రాస్తున్నా.

ఆ రోజు నాకు ఫోన్ వచ్చేసరికి కువైట్‌లో రాత్రి తొమ్మిది, ఊర్లో పదకొండున్నర. నా అకామా (ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) రెన్యువల్‌లో ఉంది. అది చేతికి రాకుండా దేశం దాటితే మళ్ళీ లోపలికి రావడం కష్టం. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఆ టెన్షన్ విడమరిచి చెప్పక్కర్లేదు. తెల్లారేదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం తప్ప నేను చేసిందేమీ లేదు.

చేసిందంతా మీరే. 108 వచ్చేదాకా ఎదురింటి పెద్దమ్మ అమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆటో చిన్నాయన 108 వెనకాలే కడప రిమ్స్‌కు పోయాడు. అమ్మది ఓ నెగెటివ్. రెండు బాటిళ్ళు కావాలంటే డిగ్రీ చదివే పిల్లలిద్దరు వచ్చి రక్తమిచ్చి, పేర్లు కూడా చెప్పకుండా వెళ్ళిపోయారట. బాబూ, ఇది మీ కంట పడితే ఒక్క మెసేజ్ పెట్టండి. ఆపరేషన్ చేసిన డాక్టర్లకు, రాత్రిపూట అమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టిన నర్సమ్మలకు నా దండాలు.

నాన్న పోయేనాటికి నాకు ఆరేళ్ళు. అమ్మ పసుపు తోటల్లో కూలికి పోయేది. తవ్వకాలప్పుడు, పసుపు వండేటప్పుడు చేతులు ఎంత తోమినా ఆ రంగు వదిలేది కాదు. నా నోటు పుస్తకాలకు పేపరు అట్టలు వేసేది ఆమే కాబట్టి ప్రతి అట్ట మీదా పసుప్పచ్చ వేలిముద్రలే. బడిలో పిల్లలు నవ్వుతారని పుస్తకాన్ని బోర్లించి పెట్టుకునేవాణ్ణి. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

2004లో నా వీసాకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు పుట్టిందంటే హామీ ఉన్నది ఈ చిన్నాయనే. అప్పటికి ఆయనకున్న ఆస్తి ఆ ఆటో ఒక్కటే. ఇక్కడ ఇంటి డ్రైవర్‌గా చేరాను, ఫర్వానియాలో ఒక గదిలో ఎనిమిది మందిమి ఉన్నాం. 2024లో ఇంటి వీసా వాళ్ళను కొన్నాళ్ళు షూన్‌కు, అంటే కంపెనీ వీసాకు, మారనిచ్చినప్పుడు మారి, షువైఖ్‌లో ఒక గ్యారేజీలో కుదురుకున్నాను. సెలవుకు వచ్చిన ప్రతిసారీ నిడో పాలపొడి డబ్బాలు, కంబళ్ళు, టైగర్ బామ్ తెచ్చి పంచి, ఊరి బాకీ తీరిందనుకునేవాణ్ణి. ఎంత పిచ్చివాణ్ణి!

ఖర్చులకని చిన్నాయనకు ముప్పై వేలు పంపాను. అమ్మ ఇంటికి చేరిన మర్నాడే 11,460 రూపాయలు ఫోన్‌పేలో వెనక్కి వచ్చాయి. వెంటనే వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో. మందులు, వాకర్, బ్రెడ్డు, టీలు, అన్నిటికీ పైసలతో సహా లెక్క రాశాడు. అట్టడుగున 'ఆటో' అని ఉంది. పది రోజులు, రోజూ కడపకు పోనూ రానూ తిరిగిన ఆటో.

దాని ఎదురుగా ఏ అంకే వేయలేదు.