మంత్రి గారూ, ఆ సూది వేసే అనుమతి ఇప్పించండి

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

ములుగు ఏజెన్సీలో అంబులెన్స్ మీద పనిచేసే ఒక బేసిక్ ఈఎంటీ (ఆసుపత్రి చేరేదాకా అత్యవసర చికిత్స చేసే ఉద్యోగి) నమస్కరించి రాయునది. అలర్జీ ముదిరి ప్రాణం మీదికొచ్చినవాళ్లకు, డాక్టరు ఫోన్ కోసం ఆగకుండా అడ్రినలిన్ సూది వేసే అనుమతి కోసం ఇది నాలుగో అర్జీ సార్. ముందటి మూడింటికి రసీదులు ఉన్నాయి, జవాబులు లేవు. అందుకే ఈసారి కవరు అంటించకుండా అందరూ చదివేలా రాస్తున్నా.

పోయిన మే నెలలో, తునికాకు సీజన్. తాడ్వాయి అవతల గూడెం నుంచి కాల్. ఆకు కోస్తుంటే తేనెటీగలు లేచాయి. మేం చేరేసరికి ఆ అక్క పెదాలు ఉబ్బిపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి తీస్తే పిల్లికూతలు. పై బీపీ 70. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టి ఆక్సిజన్ ఇచ్చాను. ఇక కావాల్సింది తొడ కండలోకి అర మిల్లీ అడ్రినలిన్. ఆ మందు సీసా (ఆంప్యూల్) నా మోకాలి పక్కన డబ్బాలోనే ఉంది. కానీ ఫోన్లో డాక్టరు చెప్తేనే వేయాలి. ఆ అడవిలో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

పైలట్ అన్న పస్రా వైపు బండి ఉరికించాడు. నేను ఒక చేత్తో మాస్క్ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ కిటికీ బయట పెట్టి గీతల కోసం చూస్తున్నా. ఆమె భర్త డబ్బా వైపు చూపిస్తూ, "మందు ఉన్నది కదా సారూ, వెయ్యి సారూ" అని రెండు చేతులు జోడించాడు. పస్రా దగ్గర పడ్డాక లైన్ కలిసింది. విషయం చెప్పగానే డాక్టరు గారు అన్న మాట: "ఇంకా వెయ్యలేదా?"

వేశాను. పది నిమిషాల్లో ఊపిరి తేలికైంది. ఆమె బతికింది కాబట్టి ఎంక్వైరీ లేదు. చనిపోయి ఉంటే "రూలు పాటించాడు" అని నాకు మంచి రిపోర్టే వచ్చేదేమో.

మా ఊళ్లో చూపు సరిగా ఆనని ఒక అవ్వ రోజూ ఇన్సులిన్ తనే పొడుచుకుంటుంది. ఆమెకు ఏ డాక్టరు ఫోనూ అక్కర్లేదు. అమెరికాలో సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీలో, రెడీమేడ్ అడ్రినలిన్ పెన్నుల (మందు ముందే నింపిన సూదుల) ధర భరించలేక, బేసిక్ ఈఎంటీలకే ఆ మందు సిరంజిలోకి లాగి వేయడం నేర్పించారు. మన దగ్గర ఆంప్యూల్ పెన్నుకన్నా ఎంతో చౌక. ఖర్చు సాకు కూడా లేదు సార్.

మమ్మల్ని డాక్టర్లను చేయమనడం లేదు. శ్వాసనాళంలో ట్యూబు వేసే పని అసలు వద్దు. ఏడాదికి రెండు మూడు కేసులు చేస్తే చేతికి అలవాటెక్కడ ఉంటుంది? గుండె ఆగిన పేషెంట్లు 9 వేలకు పైగా మందితో ఇంగ్లండ్‌లో జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. అక్కడ పారామెడిక్స్ వేసిన ట్యూబుకూ, గొంతులో తేలిగ్గా కూర్చునే గొట్టం ఐ-జెల్‌కూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ ఐ-జెల్ నేర్పించండి చాలు. కట్లపాము కరిచి ఊపిరి ఆగినవాళ్లకు, మలుపుల రోడ్డు మీద ఒంటిచేత్తో మాస్క్ అదిమి, గాలి పంపే ఆంబూ బ్యాగ్ నొక్కుతూ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా రావడం ఏమిటో ఒక్కసారి మా బండిలో కూర్చుంటే తెలుస్తుంది.

అడ్రినలిన్ ఒకటి. షుగర్ పడిపోతే గ్లూకోజ్ మందు డెక్స్‌ట్రోజ్, ఛాతీ నొప్పికి ఆస్పిరిన్, కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు. వీటికి ముందే రాసిపెట్టిన ఆర్డర్ ఇవ్వండి. వేశాక రిపోర్టు రాస్తాం, తప్పు చేస్తే అడగండి.

కిందటేడు రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. బొమ్మ తొడ మీద సూది వేయించారు, ఫొటోలు తీశారు, సర్టిఫికెట్ ఇచ్చారు. ఆర్డర్ వారంలో వస్తుందన్నారు. సర్టిఫికెట్ లామినేషన్ చేయించి పెట్టుకున్నా. ఆ వారం ఇంకా అయిపోలేదు. మళ్ళీ అడిగితే "ఫైలు నడుస్తోంది" అన్నారు. మా బండి కన్నా మెల్లగా నడుస్తున్నట్టుంది సార్.

మళ్ళీ తునికాకు సీజన్ వస్తుంది. అప్పటికి ఆర్డర్ వీలు కాకపోతే, తాడ్వాయి అడవిలో ఒక సెల్ టవరైనా వేయించండి.

ఇట్లు,
ములుగు జిల్లా నుంచి ఒక ఈఎంటీ