పాత విమానం పక్కకు లాగితే తప్పు సిమ్యులేటర్‌ది కాదు

సంపాదకులకు,

కంప్యూటర్‌లో విమానం నడిపించే ఫ్లైట్ సిమ్యులేటర్ల గురించి పత్రికల్లో వచ్చే రాతలు ఎక్కువగా మబ్బులు, నగరాలు ఎంత అందంగా కనిపిస్తాయో చెప్పి ఆగిపోతాయి. ఏ విమానం ఎలా నడుస్తుందో, ఎక్కడ మొండికేస్తుందో చెప్పరు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు 2022 నవంబరులో వచ్చిన 40వ వార్షికోత్సవ ఎడిషన్‌లో 1903 నాటి రైట్ ఫ్లయర్ నుంచి ఎయిర్‌బస్ ఏ310 వరకూ ఉన్నాయి. కొత్తవారు సరదాపడి పాత విమానం ఎక్కుతారు. అది రన్‌వే మీదే గిర్రున తిరిగేసరికి ప్రోగ్రాంలోనే లోపం ఉందనుకుని వదిలేస్తారు. నిజానికి అసలు విమానం గుణమే అది.

డగ్లస్ డీసీ-3ని తీసుకోండి. 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరిన ఈ విమానానికి చిన్న చక్రం తోక కింద ఉంటుంది. బరువు కేంద్రం ప్రధాన చక్రాలకు వెనుక పడుతుంది. అందుకే ముక్కు కాస్త పక్కకు తిరిగితే వెనుకనున్న బరువు ఆ తిరుగుడును ఇంకా పెంచుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. తప్పించుకోవాలంటే వరస తప్పకూడదు. రన్‌వే మధ్యకు వచ్చాక కొన్ని మీటర్లు నేరుగా నడిపి, తోక చక్రం తిన్నగా అయ్యాకే దానికి లాక్ వేయాలి. మిక్స్చర్ (ఇంధనం, గాలి కలిసే పాళ్లు) ఆటో రిచ్‌లో, అంటే ఇంధనం పాలు ఎక్కువగా ఉండే స్థానంలో ఉండాలి. ప్రొపెల్లర్ తిరిగే వేగాన్ని మార్చే లివర్లు పూర్తిగా ముందుకు ఉండాలి. రెండు ఇంజిన్లనూ 30 అంగుళాల మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం) దగ్గర సమానం చేసుకుని, తర్వాతే మెల్లగా పెంచాలి. దీని ట్విన్ వాస్ప్ ఇంజిన్లకు టేకాఫ్ పరిమితి 48 అంగుళాలు, 2700 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు). తొందరపడి తోక ఎత్తితే చక్రం పట్టు పోతుంది, రడ్డర్‌కు (ముక్కును పక్కలకు తిప్పే తోక పలకకు) ఇంకా గాలి చాలదు, విమానం పక్కకు లాగేస్తుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పైకి లేచాక శక్తి తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని మార్చే లివర్), తర్వాత ప్రొపెల్లర్. పెంచేటప్పుడు ముందు ప్రొపెల్లర్, తర్వాత థ్రాటిల్. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ ప్రెషర్ పెడితే సిలిండర్లలో డిటొనేషన్ (ఇంధనం ఒక్కసారిగా పేలినట్టు మండటం) వచ్చి ఇంజిన్ దెబ్బతింటుంది.

ఇదంతా కీబోర్డుతో కుదిరే పని కాదు. కీ నొక్కితే రడ్డర్ ఒక్కసారిగా విసురుగా తిరుగుతుంది. రడ్డర్‌ను కాళ్లతో తిప్పే పెడల్స్ లేకపోతే కనీసం మెలితిప్పగలిగే జాయ్‌స్టిక్ కావాలి. సహాయక సెట్టింగుల్లో ఆటో రడ్డర్ ఆపేసి, మొదటి పది టేకాఫ్‌లూ గాలి లేని వాతావరణంలో చేయండి.

స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ ఇబ్బంది వేరు. లిండ్‌బర్గ్ 1927 మే 20, 21 తేదీల్లో న్యూయార్క్ నుంచి పారిస్‌కు 33 గంటలన్నర పాటు ఒంటరిగా నడిపిన విమానమది. ప్రధాన ఇంధన ట్యాంకు పైలట్ ముందు ఉండటంతో ఎదుటి అద్దమే లేదు. పెరిస్కోప్‌లోంచి చూడాలి, లేదా రడ్డర్ తొక్కి ముక్కును పక్కకు తిప్పి కిటికీలోంచి రన్‌వే చూసుకోవాలి. రెక్కలు పెంచినా తోకను పాత కొలతలోనే ఉంచారు కాబట్టి చేయి వదిలితే తిన్నగా పోదు. మొదటిసారి ట్యాంకులు నింపకండి. పావు వంతు ఇంధనం చాలు.

రైట్ ఫ్లయర్ ఇంజిన్ బలం 12 హార్స్‌పవర్ మాత్రమే. 1903 డిసెంబరు 17న అది లేచిందంటే బలమైన ఎదురుగాలి కూడా తోడైంది. సిమ్యులేటర్‌లోనూ 20 నాట్లకు (గంటకు సుమారు 37 కి.మీ.) పైగా ఎదురుగాలి పెట్టి చూడండి. ముందున్న ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే పలక) అతి సున్నితం. స్టిక్ సెన్సిటివిటీ తగ్గించుకోకపోతే విమానం కెరటంలా లేచి పడుతూ నేలకు తగులుతుంది.

ఆధునిక జెట్ సులువని అందరూ ఎయిర్‌బస్ ఏ320 నియోతో మొదలుపెడతారు. అక్కడొక చిక్కుంది. ఏ320 కుటుంబంలో సైడ్‌స్టిక్ (పక్కన ఉండే చిన్న కడ్డీ) కదిపితే కంప్యూటర్లే ట్రిమ్ (చేత్తో పట్టుకోకపోయినా ముక్కు నిలిచేలా చేసే సర్దుబాటు) సర్దుతాయి. పక్కకు 30 డిగ్రీలు వాల్చి స్టిక్ వదిలినా విమానం అలాగే నిలుస్తుంది. అదే అలవాటుతో ఏ310 ఎక్కితే, ఆటోపైలట్ తీశాక వేగమో శక్తో మారగానే ముక్కు పైకో కిందికో పోతుంది. అందులో పైలట్ ముందు యోక్ (చక్రంలాంటి నియంత్రణ పిడి) ఉంటుంది, ట్రిమ్ పైలటే వేసుకోవాలి. పైగా ఇంజిన్లు రెక్కల కింద ఉన్నందున గో-అరౌండ్‌లో (దిగకుండా మళ్లీ పైకి లేచేటప్పుడు) థ్రస్ట్ (ఇంజిన్ల తోపుడు) పెంచగానే ముక్కు లేస్తుంది. యోక్ ముందుకు నొక్కుతూ ట్రిమ్ దించకపోతే వేగం పడిపోయి స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతాయి. డీసీ-3లోనూ ట్రిమ్ పైలటే వేసుకోవాలి కాబట్టి, దాని మీద చేయి తిరిగినవారికి ఇది కొత్త కాదు. నేర్చుకునే వరసలో పాతవాటినే ముందు పెట్టాలని నేననేది ఇందుకే.

ఇకపై సిమ్యులేటర్ విమానాల పట్టిక వేసేటప్పుడు ప్రతి పేరు పక్కన మూడు సంగతులు చేర్చండి: చిన్న చక్రం ముక్కు కిందా తోక కిందా; ట్రిమ్ ఎవరు వేయాలి; రడ్డర్ పెడల్స్ తప్పనిసరా కాదా.

ఇట్లు,
ఒక పాఠకుడు