నాన్న బీరువాలోని సినిమా డిస్కుల గురించి

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

నాన్న బీరువాలోని పాత సినిమా డిస్కులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానన్నావని అమ్మ చెప్పింది. చాలా మంచి పని. ‘అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా’ అని ఎవరన్నా ఒక్కటి కూడా పారేయకు. అక్కడి కాపీల్లో పద్యాలో, హాస్య సన్నివేశాలో తెగిపోయినవి బోలెడు. ‘మాయాబజార్’ సంగతే చూడు. 1957 నాటి నలుపు తెలుపు సినిమా మూడు గంటల పైమాటే. 2010లో రంగులద్ది వదిలినదాని నిడివి తగ్గించారు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా పట్టిన వెన్నెల చూడాలంటే నలుపు తెలుపుదే దాచుకోవాలి. అదే ఏడాది తమిళంలోనూ తీశారు కాబట్టి, అభిమన్యుడిగా నాగేశ్వరరావు ఉన్నాడో లేదో చూసుకో. జెమినీ గణేశన్ కనిపిస్తే అది తమిళం.

ముందు వీసీడీలు (వీడియో సీడీలు) పట్టుకో, వాటికే ప్రమాదం ఎక్కువ. వీసీడీలో సమాచారం ఉండే పొర సరిగ్గా లేబుల్ కిందే ఉంటుంది. అందుకే లేబుల్ వైపు గీత పడితే ఆ భాగం ఇక రాదు, దానిమీద బాల్‌పెన్నుతో రాయకూడదు. డిస్కును దీపానికి అడ్డంగా పట్టి చూడు, పొర ఊడిన చోట వెలుతురు చుక్కల్లా కనిపిస్తుంది. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం.

బూజు పట్టినవాటిని మంచినీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడువు. గుండ్రంగా తుడిస్తే గీత సమాచారం రాసిన ట్రాక్ వెంటే పడుతుంది, అప్పుడు డ్రైవ్ తప్పులు సరిదిద్దుకోలేదు. గోళ్లరంగు చెరిపే ద్రవం అసలు తగలనివ్వకు, ప్లాస్టిక్ మసకబారిపోతుంది.

కాపీ చేసేటప్పుడు వీసీడీ మధ్యలో ఆగిపోయి ఎర్రర్ చూపిస్తే కంగారు పడకు. కంప్యూటర్ ఫైళ్లు రాసే సీడీకి ఉన్నంత తప్పులు దిద్దే ఏర్పాటు వీసీడీలో బొమ్మ ఉన్న భాగానికి లేదు, ఎక్కువ నిమిషాలు పట్టించడానికి దాన్ని తగ్గించారు. వేగం తగ్గించి చూడు, ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడు. అప్పటికీ రాకపోతే పాడైన డిస్కులను చదివే ఐసోబస్టర్ ప్రోగ్రాంతో చదివించు. పాడైన చోట బొమ్మ గళ్లుగళ్లుగా వస్తుంది, మిగతాదైనా దక్కుతుంది. వచ్చిన .DAT ఫైలును వీఎల్‌సీ ప్లేయర్ అలాగే ఆడిస్తుంది, వేరే ఫార్మాట్‌లోకి మార్చకు. అసలే 352×288 బొమ్మ, మార్చిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. ‘హెచ్‌డీ చేస్తాం’ అనే ప్రోగ్రాముల జోలికి వెళ్లకు, సావిత్రి ముఖాన్ని మైనపు బొమ్మలా చేస్తాయి.

డీవీడీలను కాపీ చేయడానికి మేక్‌ఎంకేవీ ప్రోగ్రాం చాలు. ఒక్కోటి 4 నుంచి 8 జీబీ దాకా వస్తుంది, 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో వందకు పైగా పడతాయి. డ్రైవ్ రీజియన్ (ఏ ప్రాంతపు డీవీడీలు ఆడించాలో చెప్పే కోడ్) మార్చమని అడిగితే ఆలోచించి నొక్కు, ఐదుసార్లకు మించి మారదు. ఇంకో మాట. పాల్ (PAL, మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) డిస్కుల్లో చాలావాటిలో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 చొప్పున తిప్పుతారు. మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు తక్కువ చూపిస్తే కత్తిరించారనుకోకు. ఘంటసాల గొంతు కూడా అక్కడ రవ్వంత పై శ్రుతిలో వినిపిస్తుంది. వీఎల్‌సీలో వేగం 0.96 పెడితే నడక సరిపోతుంది.

నాన్న చూసేటప్పుడు టీవీలో పిక్చర్ సైజు 4:3 పెట్టు. లేకపోతే బొమ్మ అడ్డంగా సాగి అందరూ లావుగా కనిపిస్తారు. సరౌండ్ సౌండ్ ఆపేయి, ఆ సినిమాలన్నీ మోనో, అంటే శబ్దమంతా ఒకే ఛానల్‌లో ఉంటుంది. సరౌండ్‌లో మాటలు డొల్లగా వినిపిస్తాయి.

నాకు డిస్కులు పంపొద్దు. ఇక్కడ అమెరికా ప్లేయర్లు చాలావరకు పాల్ ఆడించవు. హార్డ్‌డిస్క్ మీద రెండో కాపీ తీసి అమ్మ వచ్చేటప్పుడు ఇచ్చి పంపు. ముందుగా వీసీడీ మాత్రమే ఉన్న సినిమాల పేర్లు రాసి పంపు. డీవీడీ కూడా ఉన్నవాటిని చివరికి పెట్టుకుందాం.

ఇట్లు,
అక్క