ఏడుస్తున్న పిల్లాడికి చార్ట్ చూపించాలా?

ఎడిటర్ గారికి,

పిల్లలకి తమ మనసులో ఏముందో చెప్పుకోవడం నేర్పాలని మీ పేజీలో పెద్ద వ్యాసం వేసి, పక్కన నాలుగు గుండ్రటి మొహాల బొమ్మ పెట్టి, కత్తిరించి గోడకి అంటించుకోమన్నారు కదా, అప్పటినుంచీ రాద్దామనుకుంటూనే ఉన్నా. సంతోషం, బాధ, కోపం, భయం. అంతేనా? నాట్యశాస్త్రంలో సంచారీ భావాలే, అంటే వచ్చిపోయే భావాలే, 33 లెక్కపెట్టారు, అమెరికా మనస్తత్వవేత్త పాల్ ఎక్మన్ కూడా ఆరు చెప్పాడు. మీకు చోటు చాల్లేదేమో, పక్కనే అంత పెద్ద యాడ్ ఉంది మరి.

సరే, లెక్క వదిలేయండి. ఈ మాటలు పిల్లలకి గోడ మీంచి రావండీ, పెద్దవాళ్ళ నోటి నుంచి రావాలి. ఎంతోసేపు కూర్చుని పేర్చుకున్న బ్లాకుల్ని తమ్ముడొచ్చి ఒక్క తోపు తోస్తే పెద్దాడు వాడి వీపు మీద ఒక్కటిస్తాడు, మనం వెంటనే "ఏంట్రా ఆ కోపం, సారీ చెప్పు" అంటాం. అది ఉత్తి కోపమా? ఉక్రోషం. గుక్కపట్టి ఏడుస్తున్నంతసేపు క్లాసు పీకితే ఏమీ ఎక్కదు, కాస్త తేరుకున్నాక "అంత కష్టపడి కట్టావు, పడేసేసరికి ఉక్రోషం వచ్చిందా? అయినా కొట్టకూడదు" అనాలి. అడిగినట్టే అనాలి, ఎందుకంటే మన అంచనా తప్పొచ్చు, "కాదు, మీరు వాడినే వెనకేసుకొస్తారు" అని వాడు అన్నాడంటే అసలు సంగతి అప్పుడు బయటపడినట్టు. పరీక్ష రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటే నాటకాలంటాం, చాలాసార్లు నొప్పి నిజంగానే ఉంటుంది, దిగులుగా ఉందని చెప్పడం రాక కడుపు చూపిస్తారు.

ఇంకోటి. 'అమెరికా పరిశోధన' అని ఊరికే రాసి వదిలేశారు. 2007లో అక్కడి మనస్తత్వ పరిశోధకుడు మాథ్యూ లీబర్‌మన్ బృందం చేసింది అలాంటిదే ఒకటుంది, కోపంగా, భయంగా ఉన్న మొహాల ఫొటోలు చూపించి ఆ భావానికి సరిపోయే మాట ఎంచుకోమంటే మెదడులో భయం లాంటి భావాలకి స్పందించే అమిగ్డలా అనే భాగం హడావుడి తగ్గింది. చూసింది పెద్దవాళ్ళని, పిల్లల్ని కాదు. మీకు దొరికితే పరిశోధన అంటారు, లేకపోతే 'నిపుణులు' అంటారు. ఒకప్పుడు పేపర్లో అచ్చయితే నమ్మేవాళ్ళం.

ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి కూడా రాయాల్సింది. బయట ఎవరితోనో గొడవపడొచ్చి "ఇవాళ చిరాగ్గా ఉన్నాను, నీ మీద కాదులే" అని పిల్లలతో అనే నాన్నలు ఎంతమంది? తలుపు దబాలున వేస్తాం, పిల్లలు మాత్రం చక్కగా మాటల్లో చెప్పాలి.

ఇక స్కూళ్ళ సంగతి అడక్కండి. భావోద్వేగాల వారం అని పైనుంచి సర్క్యులర్ వస్తుంది, టీచర్లకి ఒక పూట ట్రైనింగ్, సంతకం, టీ. కిక్కిరిసిన క్లాసులో ఏ పిల్లాడు ఎందుకు ముడుచుకు కూర్చున్నాడో చూసే తీరిక ఆ టీచర్‌కి ఎవరిచ్చారు? పైగా 'భావ వ్యక్తీకరణ' అని ప్రోగ్రెస్ కార్డులో ఒక గడి, దానికో గ్రేడు! బెంగకి కూడా మార్కులేస్తారన్నమాట. సాయంత్రానికి ఫొటోలు అప్‌లోడ్ చెయ్యాలట, ఫొటోల్లో పిల్లలందరూ నవ్వుతూ ఉండాలని రూలు కూడా పెట్టే ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు